ఒకే ఇన్వెస్టర్, రెండు ఫైళ్లు: ఫండ్లకు లాయరుతో పని ఎక్కడ పడుతుంది

ఒక కంపెనీ ఓ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్‌లో డబ్బు పెట్టిందనుకుందాం. ఆ కంపెనీ వెనుక ఒక ట్రస్టు ఉంది, ట్రస్టు వెనుక ఒక కుటుంబం ఉంది. డబ్బు తీసుకునే ముందు ఫండ్ తరఫున కేవైసీ చూసే విభాగం పాస్‌పోర్టులు, ట్రస్టు పత్రాలు, డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే కాగితాలు తెప్పించుకుని, అసలు యజమానిగా ఒక పేరు రాసుకుంది. ఏడాది తిరిగాక పన్ను రిపోర్టు తయారుచేసే విభాగం అదే కంపెనీ ఇచ్చిన స్వీయ ధ్రువీకరణ పత్రం చూసింది. ఇది వ్యాపారం చేసుకునే మామూలు కంపెనీ, దీని వెనుక మనుషులెవరో చూడనక్కర్లేదు అని తేల్చింది. ఎవరి పేరూ రిపోర్టులోకి పోలేదు. రెండు విభాగాలూ తమ చెక్‌లిస్టు పూర్తిచేశాయి. విడివిడిగా చూస్తే రెండు ఫైళ్లూ బాగానే ఉన్నాయి. పక్కపక్కన పెడితే మాత్రం ఒకదాన్నొకటి కాదంటున్నాయి.

పన్ను రిపోర్టింగ్‌లో గానీ, మనీలాండరింగ్ నిరోధక నిబంధనల్లో గానీ ఫండ్లు గట్టిగా ఇరుక్కునేది ఈ సందులోనే. ఫారం ఆలస్యంగా పంపడం, ఒక గడి ఖాళీగా వదిలేయడం లాంటివి చాలాసార్లు జరిమానాతో పోతాయి. ఒకే మనిషి గురించి ఒకే ఫండ్ రెండు చోట్ల రెండు మాటలు చెప్పిందంటే, తెలిసి చెప్పిందా తెలియక చెప్పిందా అన్న ప్రశ్న వస్తుంది. ఏ జవాబు చెప్పినా ఇబ్బందే. తెలిసి అంటే నేరం, తెలియక అంటే చేతకానితనం. లాయరు సాయం అనగానే ఫారాలు నింపిపెట్టే సేవ అనుకునేవాళ్లు చాలామంది. కానీ దాని అసలు విలువ వేరే చోట ఉంది. ఈ రెండు ఫైళ్లూ ఒకే మాట చెప్పేలా చూడటం, ఆ మాట నిజమని ఫండ్ ఎందుకు నమ్మిందో ఆ రోజే కాగితం మీద పెట్టించడం లాయరు చేయాల్సిన పని.

రెండు దారులు కలిసిన చోటు

మనీలాండరింగ్ మీద అంతర్జాతీయ నిబంధనలకు మూలం ఎఫ్ఏటీఎఫ్, అంటే ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్. 1989లో పారిస్‌లో జరిగిన జీ-7 సమావేశంలో అది పుట్టింది. మరుసటి ఏడాదే 40 సిఫార్సులు విడుదల చేసింది. మొదట్లో దాని గురి అంతా మాదకద్రవ్యాల సొమ్ము మీదే. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఉగ్రవాదులకు అందే నిధులూ వచ్చి చేరాయి. పన్ను ఎగవేత మాత్రం చాలాకాలం పక్కనే ఉండిపోయింది. అది పన్నుల శాఖ గొడవ, మనకు సంబంధం లేదు అన్నట్టే చాలా ఆర్థిక సంస్థలు నడిచాయి.

2012లో సిఫార్సులను సవరించినప్పుడు ఎఫ్ఏటీఎఫ్ పన్ను నేరాలను కూడా మనీలాండరింగ్‌కు మూలమయ్యే నేరాల జాబితాలో చేర్చింది. ఫండ్లకు సంబంధించినంతవరకు ఇది చాలా పెద్ద మార్పు. పన్ను ఎగ్గొట్టిన సొమ్ము ఫండ్‌లోకి వస్తే అది ఇన్వెస్టర్ ఒక్కడి తలనొప్పిగా మిగలదు. తెలిసీ, లేదా అనుమానించాల్సిన పరిస్థితి కళ్లముందు ఉండీ ఆ డబ్బు తీసుకుని తిరిగిచ్చిన ఫండ్ నేరపు సొమ్ముతో వ్యవహరించినట్టు అవుతుంది.

దాదాపు అదే సమయంలో రెండో దారి పడింది. అమెరికా 2010 మార్చిలో ఫాట్కా చట్టం చేసింది. 2014 జూలై 1 నుంచి దాని కోతలు మొదలయ్యాయి. అమెరికా పన్ను పరిధిలోని వాళ్ల ఖాతాల వివరాలు విదేశీ ఆర్థిక సంస్థలే చెప్పాలి, చెప్పని సంస్థకు అమెరికా నుంచి పోయే వడ్డీ, డివిడెండ్ల లాంటి చెల్లింపుల్లో 30 శాతం కోసేస్తారు. దాన్ని చూసి మిగతా దేశాలు ఆర్థిక సహకారం కోసం ఏర్పడిన దేశాల కూటమి ఓఈసీడీ ఆధ్వర్యంలో 2014 జూలైలో సీఆర్ఎస్ అనే ఉమ్మడి రిపోర్టింగ్ ప్రమాణం తెచ్చుకున్నాయి. 2017 సెప్టెంబరులో తొలి విడత దేశాల మధ్య సమాచారం చేతులు మారింది. ఇప్పుడు అందులో ఉన్న దేశాలు, ప్రాంతాలు 100 దాటాయి.

కేవైసీకీ పన్ను రిపోర్టుకూ ముడి పడింది సీఆర్ఎస్ రాసిన తీరులోనే. ఒక సంస్థ వెనుక దాన్ని నియంత్రించే వ్యక్తులు ఎవరు అన్నదానికి సీఆర్ఎస్ కొత్త కొలత పెట్టుకోలేదు. ఎఫ్ఏటీఎఫ్ సిఫార్సులకు అనుగుణంగానే అర్థం చేసుకోవాలని చెప్పి ఊరుకుంది. అంతేకాదు, ఇన్వెస్టర్ ఇచ్చిన స్వీయ ధ్రువీకరణ పత్రం నమ్మదగినదో కాదో తేల్చేటప్పుడు కేవైసీ కోసం సేకరించిన కాగితాలతో పోల్చి చూడాలని షరతు పెట్టింది. అంటే పత్రం మీద సంతకం ఉంటే సరిపోదు. కేవైసీ ఫైల్లో ఉన్నది దానికి విరుద్ధంగా ఉంటే ఆ పత్రం చెల్లదు. మొదట చెప్పుకున్న కంపెనీ విషయంలో తప్పిపోయిన మెట్టు ఇదే.

వర్గీకరణ అనే చిక్కు

ఫండ్‌కు బ్యాంకులా ఖాతాలు ఉండవు. అందుకే ఈ నిబంధనల్లో ఫండ్‌లో ఉన్న వాటానే ఖాతాగా చూస్తారు. ఏడాది చివర ఆ వాటా విలువ, ఆ ఏడాదిలో ఇన్వెస్టర్‌కు చెల్లించిన మొత్తాలు రిపోర్టులోకి వెళ్తాయి. ఇక్కడి వరకు లెక్కల పని. అసలు కష్టం దానికంటే ముందు ఉంటుంది. వాటా పట్టుకున్నది మనిషి అయితే ఆ మనిషి ఏ దేశంలో పన్ను నివాసి అన్నది తెలిస్తే చాలు. సంస్థ అయితే అది ఆర్థిక సంస్థా, చురుగ్గా వ్యాపారం చేసే సంస్థా, ఆస్తులు పట్టుకుని ఊరికే కూర్చున్న సంస్థా అన్నది ముందు తేలాలి. మూడో రకమైతే వెనుక ఉన్న మనుషుల దాకా వెళ్లాలి. మొదటి రెండు రకాలైతే వెళ్లనక్కర్లేదు. ఇన్వెస్టర్లు తమను తాము రెండో రకంగా చెప్పుకోవడానికి మొగ్గు చూపేది ఇందుకే. చాలాసార్లు అందులో దురుద్దేశం ఉండదు, ప్రశ్న అర్థంకాక ఏదో ఒక గడిలో టిక్ పెడతారు.

ఫాట్కా, సీఆర్ఎస్ జవాబులు ఎప్పుడూ ఒకటి కావు. దీనికి ఒక ఉదాహరణ కాస్త దగ్గరగా చూడాలి. ఒక ఫండ్‌లో ఇంకో పెట్టుబడి సంస్థ ఇన్వెస్టర్‌గా చేరింది. ఆ సంస్థ సీఆర్ఎస్‌లో చేరని దేశంలో ఉంది. దాని పెట్టుబడులన్నీ వృత్తిగా ఆ పని చేసే ఒక మేనేజ్‌మెంట్ సంస్థ చూస్తుంది. ఫాట్కా లెక్కలో అది ఆర్థిక సంస్థే. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ దగ్గర నమోదు చేసుకుని జీఐఐఎన్ అనే నంబరు తెచ్చుకుని ఉంటే దాని వెనుక ఎవరున్నారో ఫండ్ అడగనక్కర్లేదు. సీఆర్ఎస్ లెక్కలో మాత్రం అదే సంస్థను, ఆస్తులు పట్టుకుని కూర్చున్న మూడో రకం సంస్థగానే చూడాలి. వెనుక ఉన్న వ్యక్తుల పేర్లు, పుట్టిన తేదీలు, పన్ను నంబర్లు తీసుకోవాలి. అమెరికా స్వయంగా సీఆర్ఎస్‌లో చేరలేదు కాబట్టి ఇది అరుదైన సంగతేమీ కాదు. అక్కడి పెట్టుబడి సంస్థలు బయటి దేశాల ఫండ్లలో డబ్బు పెట్టిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఎదురయ్యేదే. ఒకే ఫారంలో రెండు వేర్వేరు జవాబులు రెండూ సరైనవే అయ్యే ఈ పరిస్థితి సాఫ్ట్‌వేర్‌కు సులభంగా ఎక్కదు. ఎవరైనా కూర్చుని, ఆ సంస్థ ఒప్పందాలు చదివి, పెట్టుబడి నిర్ణయాలు నిజంగా ఎవరు తీసుకుంటున్నారో చూసి ఒక నిర్ణయానికి రావాలి.

ఇంకో చిక్కు అసలు యజమాని దొరకనప్పుడు వస్తుంది. కంపెనీల్లో 25 శాతం వాటాను చాలా దేశాలు గీతగా పెట్టుకున్నాయి. ఆ గీత దాటిన మనిషి ఎవరూ లేకపోతే, వాటాతో పనిలేకుండా వేరే మార్గంలో నియంత్రణ ఎవరి చేతిలో ఉందో వెతకాలి. అలా కూడా ఎవరూ తేలకపోతే కంపెనీని నడిపే పెద్ద అధికారి పేరు రాసుకోవచ్చు. మూడు మెట్లూ వరసగా ఎక్కాలన్నది నిబంధన. పని ఒత్తిడిలో మధ్య మెట్టు వదిలేసి నేరుగా మేనేజింగ్ డైరెక్టర్ పేరు రాసేయడం సర్వసాధారణం. కేవైసీ ఫైల్లో అది చిన్న తప్పులా కనిపిస్తుంది. పన్ను రిపోర్టులోకి వచ్చేసరికి దాని రూపు మారిపోతుంది. జీతానికి పనిచేసే ఆ అధికారి పేరు, కంపెనీకి ఫండ్‌లో ఉన్న మొత్తం వాటా విలువతో సహా, అతను పన్ను కట్టే దేశానికి వెళ్లిపోతుంది. అక్కడి పన్నుల శాఖ ఆ డబ్బు ఎక్కడిదని అతన్ని అడుగుతుంది. అసలు డబ్బు ఎవరిదో ఆ మనిషి పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. అమాయకుడికి నోటీసు వెళ్లడం, దాక్కున్నవాడు దాక్కునే ఉండటం రెండూ ఒకే నిర్లక్ష్యం వల్ల జరుగుతాయి. ఈ పొరపాటును చిన్నదిగా చూడకూడదు.

ట్రస్టుల దగ్గర శాతాల లెక్క పనిచేయదు. ట్రస్టు పెట్టినవారు, ట్రస్టీలు, రక్షకులుగా నియమించినవారు, లబ్ధిదారులు అందరూ నియంత్రించే వ్యక్తుల కిందికే వస్తారు. నిజంగా నియంత్రిస్తున్నారా లేదా అన్నది అక్కడ చూడరు. అలాంటి ట్రస్టు కంపెనీ వెనుక ఉంటే ఏ కొలత ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలవుతుందన్నది చట్టం చదవడం వచ్చినవాళ్లు తేల్చాల్సిన విషయం.

పైగా ఇప్పుడు అసలు యజమాని పేరు నమోదయ్యే మూడో చోటు కూడా ఉంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో కంపెనీల అసలు యజమానుల వివరాలు రిజిస్టర్లలో నమోదవుతాయి. 2022 నవంబరు 22న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, ఆ రిజిస్టర్లను అందరికీ తెరిచి ఉంచడం వ్యక్తిగత గోప్యత హక్కుకు విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ కేసు లక్సెంబర్గ్ నుంచి వెళ్లిందే. అయినా నిబంధనల కింద కస్టమర్లను పరిశీలించాల్సిన సంస్థలకు రిజిస్టర్ చూసే వీలుంది. తమ ఫైల్లో ఉన్నదానికీ అక్కడున్నదానికీ తేడా కనిపిస్తే అధికారులకు తెలపాల్సిన బాధ్యత కూడా ఉంది. రిజిస్టర్ సారాంశం తెప్పించి ఫైల్లో పెట్టి, దాన్ని చదవకుండా వదిలేస్తే ఆ కాగితమే రేపు ఫండ్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది.

పని అప్పగించవచ్చు, బాధ్యత అప్పగించలేం

మామూలుగా ఫండ్‌కు ఉద్యోగులు ఉండరు. ఉండేది ఒక బోర్డు, కొన్ని ఒప్పందాలు. ఇన్వెస్టర్ల రిజిస్టర్ అడ్మినిస్ట్రేటర్ చూస్తారు, ఆస్తులు డిపాజిటరీ దగ్గర ఉంటాయి, అమ్మకం డిస్ట్రిబ్యూటర్లది, పెట్టుబడి నిర్ణయాలు మేనేజర్‌వి. కేవైసీ పని అడ్మినిస్ట్రేటర్‌కు, పన్ను రిపోర్టు ఇంకో సంస్థకు అప్పగించడం మామూలే. ఎఫ్ఏటీఎఫ్ 17వ సిఫార్సు కస్టమర్ పరిశీలనలో ఇతరుల మీద ఆధారపడటానికి ఒప్పుకుంటుంది, కానీ చివరి బాధ్యత ఆధారపడిన సంస్థదేనని స్పష్టంగా చెబుతుంది. ఫాట్కా, సీఆర్ఎస్‌లలోనూ అంతే. అడ్మినిస్ట్రేటర్ తప్పు చేస్తే నోటీసు వచ్చేది ఫండ్‌కే.

దేశాలు ఈ బాధ్యతను మనుషుల పేర్లకు కట్టేశాయి. కేమన్ దీవుల్లో ఫండ్లు ముగ్గురు వ్యక్తుల్ని నియమించుకోవాలి. నిబంధనల అమలు చూసే అధికారి ఒకరు, అనుమానాస్పద లావాదేవీల మీద నిర్ణయం తీసుకునే అధికారి ఒకరు, ఆయనకు సహాయకులు ఒకరు. కంపెనీ పేరు రాస్తే కుదరదు, మనిషి పేరే కావాలి. లక్సెంబర్గ్‌లో బోర్డు స్థాయిలో ఒకరు, రోజువారీ అమలు చూసే స్థాయిలో ఒకరు బాధ్యులుగా ఉండాలి. కేమన్ దీవులు 2021 ఫిబ్రవరిలో ఎఫ్ఏటీఎఫ్ గ్రే లిస్టులో, అంటే లోపాలున్నాయని అది నిఘా పెట్టిన దేశాల జాబితాలో పడి 2023 అక్టోబరులో బయటపడ్డాయి. ఫండ్ల వ్యాపారం మీద బతికే ప్రాంతానికి అది చిన్న దెబ్బ కాదు. ఒక ప్రాంతం ఆ జాబితాలో ఉంటే అక్కడి ఫండ్‌తో పనిచేసే బ్యాంకు దగ్గర్నుంచి ఇన్వెస్టర్ దాకా అందరూ మరిన్ని ప్రశ్నలు అడుగుతారు.

బోర్డులో పేరుండి పని చేయకపోతే ఏమవుతుందన్నదానికి వీవరింగ్ కేసు చూడవచ్చు. అది మనీలాండరింగ్ కేసు కాదు, కూలిపోయిన ఒక హెడ్జ్ ఫండ్ డైరెక్టర్ల పర్యవేక్షణకు సంబంధించినది. చదవకుండా సంతకాలు పెట్టారన్న ఆరోపణ మీద 2011లో కేమన్ కోర్టు ఇద్దరు డైరెక్టర్లు 11.1 కోట్ల డాలర్ల నష్టపరిహారం కట్టాలని తీర్పు చెప్పింది. 2015లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. తుది ఫలితం డైరెక్టర్లకు అనుకూలమే అయినా ఆ నాలుగేళ్లు వాళ్లు పడ్డ టెన్షన్ ఊహించుకోవచ్చు. పనులు అప్పగించిన సంస్థల నుంచి డైరెక్టర్లు ఏం అడిగారు, ఏం చదివారు, ఏం ప్రశ్నించారు అన్నది బోర్డు మినిట్స్‌లో కనిపించాలన్న పట్టింపు అక్కడి ఫండ్లలో ఆ కేసుతో బలపడింది.

అందుకే అప్పగింత ఒప్పందాలు రాసే చోట లాయరు చాలా పనికొస్తారు. అడ్మినిస్ట్రేటర్ ఏ చట్టం ప్రకారం కేవైసీ చేస్తారు, తన దేశపు చట్టమా ఫండ్ ఉన్న దేశపు చట్టమా? ఫైళ్లు అడిగిన వెంటనే ఇస్తారా? ఇన్వెస్టర్ చిరునామా మారితే ఆ సంగతి పన్ను రిపోర్టు చేసే బృందానికి ఎవరు చెప్పాలి, ఎన్ని రోజుల్లో? ఈ చివరి ప్రశ్న చాలా ఒప్పందాల్లో ఉండదు. సీఆర్ఎస్‌లో పరిస్థితి మారినప్పుడు కొత్త ధ్రువీకరణ తెచ్చుకోవడానికి ఉండేది సాధారణంగా 90 రోజులు. చిరునామా మార్పు ఇన్వెస్టర్ సర్వీస్ ఈమెయిల్ పెట్టెలో నెలల తరబడి పడి ఉంటే ఆ గడువు ఎవరికీ తెలియకుండానే దాటిపోతుంది.

నామినీల ద్వారా వచ్చే డబ్బు దగ్గర ఇంకో గందరగోళం ఉంటుంది. రిజిస్టర్‌లో ఒక బ్యాంకు పేరు ఉంటుంది, ఆ బ్యాంకు తన కస్టమర్ల తరఫున వాటాలు పట్టుకుని ఉంటుంది. పన్ను రిపోర్టు విషయంలో ఆ బ్యాంకే ఆర్థిక సంస్థ కాబట్టి తన కస్టమర్ల గురించి అదే చెప్పుకుంటుంది, ఫండ్‌కు పని తక్కువ. మనీలాండరింగ్ వైపు అలా చేతులు దులుపుకోవడం కుదరదు. ఆ బ్యాంకు ఏ దేశంలో ఉంది, దాని కస్టమర్లు ఎలాంటివాళ్లు, దాని పరిశీలన ఎంత గట్టిది అన్నది ఫండ్ అంచనా వేసుకోవాలి. పన్ను వైపు పని లేదు కాబట్టి ఫైలే అక్కర్లేదనుకున్న ఫండ్లు తనిఖీల్లో దొరికిపోతాయి.

అనుమానం వచ్చినప్పుడు

పన్ను ఫారం వల్ల మనీలాండరింగ్ అనుమానం పుట్టే సందర్భం ఈ మొత్తంలో అతి సున్నితమైనది. ఇన్వెస్టర్ తాను ఒక దేశపు పన్ను నివాసినని రాశారు. కరెంటు బిల్లు, ఫోన్ నంబరు, డబ్బు వచ్చిన బ్యాంకు అన్నీ ఇంకో దేశానివి. అడిగితే జవాబు రాలేదు. కొన్నాళ్లకు వాటా వెనక్కి తీసుకుంటానని, డబ్బు మూడో దేశంలోని ఖాతాలో వేయమని కోరారు. ఇది మతిమరుపా, ఇల్లు మారే హడావుడా, పన్ను ఎగవేతా? రుజువు అక్కర్లేదు, సహేతుకమైన అనుమానం ఉంటే చాలు, సంబంధిత నిఘా విభాగానికి రిపోర్టు చేయాలని చాలా దేశాల చట్టాలు చెబుతున్నాయి. అలా రిపోర్టు చేసినట్టు ఇన్వెస్టర్‌కు తెలియనిస్తే అది మళ్లీ వేరే నేరం. మరోపక్క డబ్బు ఆపితే ఒప్పందం ప్రకారం ఇన్వెస్టర్ దావా వేయవచ్చు. డబ్బు వేసేస్తే నేరానికి సాయం చేసినట్టు కావచ్చు. ఇన్వెస్టర్‌కు రాసే రెండు వాక్యాల ఈమెయిల్‌లో ఏ మాట ఉండాలి, ఏది ఉండకూడదు అన్నదాని మీద గంటల తరబడి చర్చ జరుగుతుంది. ఇక్కడ కంప్లయన్స్ అధికారి ఒంటరిగా నిర్ణయం తీసుకోవాల్సి రావడం అన్యాయం. లాయరు పక్కన ఉండాల్సిన సమయం ఇదే.

ఫండ్‌లో చేరేటప్పుడు ఇన్వెస్టర్ సంతకం చేసే సబ్‌స్క్రిప్షన్ ఒప్పందం సరిగా రాసి ఉంటే ఈ ఇరకాటం సగం తగ్గుతుంది. సమాచారం ఇవ్వని ఇన్వెస్టర్‌కు చెల్లింపు ఆపే హక్కు, వాటాను బలవంతంగా వెనక్కి కొనే హక్కు, ఒక ఇన్వెస్టర్ వల్ల పడిన కోతో జరిమానానో మిగతావాళ్ల మీద పడకుండా అతని వాటా నుంచే రాబట్టే హక్కు, అధికారులకు వివరాలు ఇచ్చే హక్కు ముందే అందులో ఉండాలి. ఫండ్ నడిచాక మధ్యలో వీటిని చేర్చాలంటే ఇన్వెస్టర్ల ఒప్పుకోలు కావాలి. ఎవరి వివరాలు అడగాలో వాళ్లే ఒప్పుకోరు.

ఆంక్షల విషయం కూడా ఇక్కడే వస్తుంది. అమెరికా ట్రెజరీలో ఆంక్షల అమలు చూసే ఒఫాక్ విభాగం నియమం ప్రకారం ఆంక్షల జాబితాలో ఉన్నవాళ్లకు కలిపి 50 శాతం లేదా అంతకంటే ఎక్కువ వాటా ఉన్న సంస్థ, తన పేరు జాబితాలో లేకపోయినా ఆంక్షల కింద ఉన్నట్టే. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా మీద పడిన ఆంక్షలతో పేరు వెతికే సాఫ్ట్‌వేర్ ఒక్కటే సరిపోదని, వాటాల చార్టు చేతిలో ఉండాలని చాలా ఫండ్లకు అర్థమైంది.

గోప్యత ఎంతవరకు

లాయరుతో మాట్లాడినది బయటికి పోదన్న భరోసా వల్లే ఫండ్లు పాత తప్పుల గురించి నోరు విప్పగలుగుతాయి. ఆ భరోసాకు హద్దులున్నాయి. న్యాయ సలహాకు ఉండే రక్షణ, అదే లాయరు సంస్థ ఫారాలు నింపి అప్‌లోడ్ చేసే పనికి ఉండకపోవచ్చు. రెండు పనులూ ఒకే ఈమెయిల్ వరసలో కలిపేస్తే ఏది సలహా, ఏది గుమాస్తా పని అని తర్వాత కోర్టులో విడదీయడం కష్టం. అందుకని పాత తప్పుల సమీక్షను ముందు నుంచే వేరుగా, సలహా కోసమేనని రాసుకుని మొదలుపెట్టాలి.

లాయర్ల మీద కూడా రిపోర్టింగ్ బాధ్యత పెట్టే ప్రయత్నం జరిగింది. యూరోపియన్ యూనియన్ 2018లో డాక్-6 అనే ఆదేశం తెచ్చి, సీఆర్ఎస్ రిపోర్టింగ్‌ను తప్పించుకోవడానికో అసలు యజమానుల్ని దాచడానికో పనికొచ్చే ఏర్పాట్లను వాటిని రూపొందించినవాళ్లే వెల్లడించాలంది. వృత్తి గోప్యత వల్ల తాను వెల్లడించని లాయరు, ఆ బాధ్యత మీ మీద ఉందని మిగతా మధ్యవర్తులకు చెప్పాలని కూడా అంది. 2022 డిసెంబరు 8న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఈ చివరి భాగం చెల్లదని తేల్చింది. లాయరుకూ క్లయింటుకూ మధ్య ఉన్న సంబంధమే మూడోవాళ్లకు తెలిసిపోతుందన్నది దాని అభ్యంతరం. సరైన తీర్పే అనిపిస్తుంది. ఇన్వెస్టర్లు సలహా అడగడానికే భయపడితే తప్పులు తగ్గవు, చీకట్లోకి పోతాయి.

పాత తప్పు బయటపడినప్పుడు ఫండ్ చేయాల్సిన పనికి ఒక క్రమం ఉంటుంది. ముందు ఎన్ని ఖాతాలు, ఏయే ఏళ్లు, ఏ దేశాలన్నది తేల్చుకోవాలి. ఆ తర్వాత సవరించిన రిపోర్టు, దానితోపాటు అధికారులకు ఒక లేఖ. అడగకముందే చెప్పిన ఫండ్‌ను అధికారులు ఒకలా చూస్తారు, తనిఖీలో దొరికిన ఫండ్‌ను మరొకలా చూస్తారు. ఉద్దేశపూర్వకంగా చేసినవాళ్లకు జరిమానా ఒక్కటే కాదు. 2018 సెప్టెంబరులో లాయల్ బ్యాంకు మాజీ అధికారి ఒకరు ఫాట్కా నిబంధనలు తప్పించుకునేందుకు ఖాతాలు తెరిచిపెట్టిన కేసులో అమెరికాలో నేరం ఒప్పుకున్నారు. ఫాట్కా విషయంలో దోషిగా తేలిన తొలి కేసు అదే.

అన్నిటికీ లాయరు అక్కర్లేదన్నది కూడా చెప్పుకోవాలి. ఫైలు తయారుచేసి పోర్టల్‌లో ఎక్కించడం, లేని పన్ను నంబర్ల కోసం గుర్తుచేస్తూ ఉత్తరాలు రాయడం, జీఐఐఎన్ నంబరు ఐఆర్ఎస్ నెలవారీ జాబితాలో ఉందో లేదో చూడటం అడ్మినిస్ట్రేటర్ చక్కగా చేసుకోగలరు. వాటికి గంటల లెక్కన ఫీజు కడితే డబ్బు దండగ. వర్గీకరణ, ఒప్పందాలు, అనుమానం, సవరణ, ఈ నాలుగింటి దగ్గర మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోకూడదు.

2027 ముందున్న పని

ఇప్పటిదాకా పన్ను రిపోర్టులో కనిపించింది పేరు, చిరునామా, పన్ను నంబరు, విలువ, చెల్లింపులు. 2023లో సవరించిన సీఆర్ఎస్‌లో గడులు పెరిగాయి. నియంత్రించే వ్యక్తి ఏ హోదాలో నియంత్రిస్తున్నారు, అంటే వాటాదారుగానా, ట్రస్టీగానా, పెద్ద అధికారిగానా అన్నది చెప్పాలి. చెల్లుబాటయ్యే స్వీయ ధ్రువీకరణ ఉందో లేదో చెప్పాలి. ఖాతా ఉమ్మడిదా, పాతదా కొత్తదా అన్నదీ చెప్పాలి. ముందుగా అమలుచేస్తున్న దేశాల్లో 2026 నుంచి ఇది మొదలై, 2027లో సమాచారం చేతులు మారుతుంది. పాత ఖాతాల్లో వ్యక్తుల హోదా విషయంలో మొదట్లో కొంత వెసులుబాటు ఇచ్చారు, ఆ వివరం కంప్యూటర్‌లో వెతికితే దొరికేలా ఉంటేనే చెప్పమన్నారు. మెట్లు ఎక్కకుండా రాసిన మేనేజింగ్ డైరెక్టర్ పేరు ఇకమీద పెద్ద అధికారి అన్న ముద్రతోనే పన్నుల శాఖకు చేరుతుంది. అలాంటి పేర్లు ఒక ఫండ్ రిపోర్టులో లెక్కకు మించి ఉంటే ఎవరి కళ్లయినా అక్కడే ఆగుతాయి.

2027 జూలై 10 నుంచి యూరోపియన్ యూనియన్‌లో మనీలాండరింగ్ మీద అన్ని సభ్యదేశాలకూ నేరుగా వర్తించే ఒకే నిబంధనావళి అమల్లోకి వస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏర్పడిన ఆమ్లా అనే కొత్త సంస్థ దాని అమలు చూస్తుంది. ఇప్పటిదాకా 25 శాతం దాటితే అన్నచోట ఇక 25 శాతం ఉన్నా అసలు యజమానే. నలుగురు సమాన భాగస్వాములున్న కంపెనీల్లో ఈ చిన్న తేడా వల్ల నలుగురూ లెక్కలోకి వస్తారు. అమెరికాలో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లను మనీలాండరింగ్ నిబంధనల కిందికి తెచ్చే నియమం 2024 ఆగస్టులో వచ్చినా, దాని అమలును 2026 జనవరి నుంచి 2028 జనవరికి జరిపారు. రెండు వైపులా కాళ్లున్న ఫండ్లు ఒకవైపు వాయిదా చూసి రెండోవైపు తీరిగ్గా కూర్చోవడం కుదరదు.

కాబట్టి ఇప్పుడు ఫండ్లు లాయర్లను అడగాల్సింది కొత్త చట్టాల సారాంశం కాదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. సంస్థల పేరుమీద ఉన్న ఖాతాలన్నీ ముందు పెట్టుకుని, ఒక్కోదానికి కేవైసీ ఫైల్లోని అసలు యజమాని, స్వీయ ధ్రువీకరణలోని నియంత్రించే వ్యక్తి, రిజిస్టర్‌లోని పేరు మూడూ ఒక వరసలో రాయించాలి. మూడూ కలవని వరసల మీదే లాయరు సమయం ఖర్చుపెట్టాలి. కొన్నిచోట్ల తేడాకు సరైన కారణమే ఉంటుంది, ఎందుకంటే ఆ మూడింటి నిర్వచనాలూ ఒకటి కావు. ఆ కారణాన్ని తేదీ వేసి, ఎవరు తేల్చారో పేరు రాసి, రెండు ఫైళ్లలోనూ ఒకే కాగితం పెట్టాలి. కారణం దొరకని వరసల్లో ఇన్వెస్టర్‌కు ఉత్తరం వెళ్లాలి. 90 రోజుల లెక్క ఆ రోజు నుంచి కాదు, తేడా కనిపించిన రోజు నుంచే మొదలైందని గుర్తుపెట్టుకుని ఆ ఉత్తరం రాయాలి.